‘వసంతంలో విత్తండి’ అంటే అసలు ఎప్పుడు?

లార్క్‌స్పర్ పూల విత్తనాల ప్యాకెట్ మీదా, టమాటా విత్తనాల ప్యాకెట్ మీదా ఒకే మాట కనిపిస్తుంది: వసంతంలో విత్తండి. ఆ మాట నమ్మి రెండింటినీ ఒకే రోజు మట్టిలో వేస్తే వాటిలో ఒకటి తప్పకుండా దెబ్బతింటుంది. నేల ఇంకా చల్లగా ఉండగా వేస్తే టమాటా గింజ నీరు పీల్చుకుని ఉబ్బి, కదలకుండా కూర్చుని, చివరికి కుళ్లిపోతుంది. నేల బాగా వెచ్చబడేదాకా ఆగితే టమాటా చకచకా మొలుస్తుంది కానీ లార్క్‌స్పర్ నిద్ర లేవదు. కొత్తగా తోట వేసేవాళ్లు ఇలాంటప్పుడు విత్తనాలు మంచివి కావనో, తమ చేతి గుణం బాగాలేదనో అనుకుంటారు. చాలాసార్లు రెండూ కారణం కావు. ఆ ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, అదీ చిక్కు.

గింజ ఎప్పుడు మొలుస్తుంది? మొలిచిన మొక్క ఎప్పటి నుంచి ఆరుబయట బతకగలదు? ఆ మొక్క పూతకు ఎప్పుడు వస్తుంది? మొదటి దానికి జవాబు నేల వేడిలో ఉంది. రెండో దానికి రాత్రి చలిలో. మూడో దానికి పగటి నిడివిలోనూ, మొక్క చిన్నతనంలో అనుభవించిన చలిలోనూ ఉంది. ఈ మూడూ ఒకే వేగంతో నడవవు. పగటి నిడివి ప్రతి ఏడూ ఒకే తేదీకి ఒకేలా ఉంటుంది. నేల వేడి ఏడాదికో తీరుగా మారుతుంది. రాత్రి చలి అయితే ఎప్పుడు వెనక్కి తిరిగి వస్తుందో చెప్పలేం.

నేల వేడి

గింజకు క్యాలెండర్‌తో పని లేదు, తన చుట్టూ ఉన్న మట్టి వేడి చాలు. క్యారెట్ గింజ 5 డిగ్రీల సెల్సియస్ మట్టిలో మొలవడానికి దాదాపు 50 రోజులు పడుతుంది. 10 డిగ్రీల్లో 17 రోజులు, 20 డిగ్రీల్లో వారం. టమాటా 10 డిగ్రీల్లో 40 రోజులు దాటాకే మొలుస్తుంది, 15 డిగ్రీల్లో రెండు వారాలు, 25 డిగ్రీల్లో ఆరు రోజులు. ఇవి తేమ, గాలి, గింజ నాణ్యత అన్నీ బాగున్నప్పటి లెక్కలు. తోట మట్టిలో 40 రోజులు తడిగా పడి ఉన్న గింజకు శిలీంధ్రాలు, పురుగులు అంత గడువు ఇవ్వవు. అందుకే తొందరపడి ముందే వేసిన గింజ చాలాసార్లు ఆలస్యంగా వేసిన గింజ కంటే వెనకబడుతుంది, లేదా అసలు పైకే రాదు.

చలికి ఓర్చే పంటల్లో లెట్యూస్, స్పినాచ్, ఉల్లి ముందుంటాయి. ఇవి నేల నాలుగైదు డిగ్రీలు ఉన్నా నెమ్మదిగా మొలుస్తాయి. బఠాణీ కూడా ఇంచుమించు అంతే. బీన్స్, దోస, మొక్కజొన్న మాత్రం మొండికేస్తాయి. వీటి గింజ మొదటిసారి నీరు పీల్చుకునే గంటల్లో ఆ నీరు మరీ చల్లగా ఉంటే లోపలి కణాల పొరలు దెబ్బతింటాయి. తర్వాత ఎంత ఎండ కాసినా ఆ గాయం మానదు. మిరప, వంగ ఇంకా సున్నితం. వీటికి మొలక దశలో 25 నుంచి 30 డిగ్రీలు ఇస్తేనే సంతోషం.

వేడికి పై హద్దు కూడా ఉంటుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. నేల 30 డిగ్రీలకు చేరితే లెట్యూస్ గింజ చాలా రకాల్లో నిద్రలోకి వెళ్లిపోతుంది. లార్క్‌స్పర్‌కి 13 డిగ్రీల దగ్గర హాయి, 18 దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. అందుకే దాని గింజల్ని విత్తే ముందు వారం రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచే అలవాటు పెంపకందారుల్లో ఉంది. ‘వసంతం’ అనే మాట టమాటాకి కింది హద్దు, లార్క్‌స్పర్‌కి పై హద్దు. ఒకటి వసంతం చివర్లో మొదలవుతుంది, ఇంకొకటి వసంతం మొదట్లోనే ముగిసిపోతుంది.

కాబట్టి చిన్న సాయిల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోమని నేను గట్టిగా చెబుతాను. తోటకు కొనే ఏ పనిముట్టు కంటే అదే ఎక్కువ అక్కరకొస్తుంది. పొద్దున్నే, మట్టి చల్లగా ఉండే వేళ, గింజ పడే లోతులో, అంటే సుమారు ఐదు సెంటీమీటర్లలో పెట్టి చూడాలి. ఒక్క రోజు అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దు, నాలుగైదు రోజులు వరసగా చూడాలి. మధ్యాహ్నం ఎండలో చూస్తే వచ్చే అంకె మనల్ని మోసం చేస్తుంది.

ఒకే ఊళ్లో రెండు తోటల మట్టి రెండు రకాలుగా ఉండడానికి ముఖ్య కారణం నీరు. ఒక కిలో నీటిని వేడెక్కించడానికి, అదే బరువున్న పొడి మట్టికి కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ వేడి కావాలి. పైగా తడి మట్టి నుంచి నీరు ఆవిరవుతూ ఉన్న వేడిని కూడా తీసుకుపోతుంది. అందుకే నీరు త్వరగా దిగిపోయే ఇసుక నేల, ఎత్తు మడి ముందుగా వెచ్చబడతాయి, బంకమట్టి వెనకబడుతుంది. మట్టిని గుప్పెట్లో తీసుకుని నొక్కి చూడండి. వేలితో తాకగానే ముద్ద పొడిపొడిగా విడిపోతే దున్నొచ్చు. ముద్ద ముద్దగానే ఉండి మెరుస్తుంటే ఆ రోజు మడిలో కాలు కూడా పెట్టకండి. తడి బంకమట్టిని తొక్కితే గాలి గదులు అణిగిపోతాయి, ఆ నష్టం పంటకాలమంతా వెంటాడుతుంది.

రాత్రి చలి, ఒక సగటు తేదీ

ఇక మొక్క బతకడం గురించి. చల్లని ప్రాంతాల్లో అందరూ ‘ఆఖరి మంచు తేదీ’ అని ఒకటి చెప్పుకుంటారు. ఇక్కడ మంచు అంటే ఉదయం పడే పొగమంచు కాదు, ఆకు మీద నీరు గడ్డకట్టేంత చలి. ఆ తేదీని ఏళ్ల తరబడి నమోదైన లెక్కల నుంచి తీస్తారు. మామూలుగా వాడే తేదీ సగటు తేదీ. అంటే సుమారు సగం ఏళ్లలో ఆ తేదీ తర్వాత కూడా మంచు పడింది. దీన్ని ‘ఆ రోజు దాటితే ఇక భయం లేదు’ అని చదువుకున్నవాళ్లు టమాటా నారు పోగొట్టుకుంటారు. ఆ తేదీకి నాటితే బొమ్మా బొరుసూ వేసినట్టే. మరో రెండు వారాలు ఆగితే ప్రమాదం బాగా తగ్గుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అప్పటి వెచ్చని మట్టిలో నాటిన మొక్క ముందు నాటిన దాన్ని అందుకుంటుంది కూడా.

వాతావరణ సూచనలో రెండు డిగ్రీలు అని ఉంటే మొక్కకు ఫర్వాలేదు అనుకోవద్దు. ఆ థర్మామీటర్ నేల నుంచి మీటరుకు పైగా ఎత్తులో, నీడలో ఉంటుంది. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. అప్పుడు నేలకు దగ్గరగా ఉన్న ఆకు దగ్గర సున్నా కంటే కిందికి పోవచ్చు. ఆ ఆకాశానికీ మొక్కకూ మధ్య ఒక పలచటి గుడ్డ కప్పినా రెండు మూడు డిగ్రీలు కాపాడుతుంది. సాయంత్రం నేల ఇంకా వెచ్చగా ఉండగానే కప్పాలి. నేల చల్లబడ్డాక కప్పితే లోపల దాచుకోవడానికి వేడి ఏముంటుంది?

గడ్డకట్టకపోయినా చలి హాని చేసే మొక్కలున్నాయి. టమాటా, మిరప, దోస, బీన్స్, పూలలో జిన్నియా, సెలోషియా (కోడిజుట్టు పువ్వు) వంటి వెచ్చని నేలల మొక్కలకు 10 డిగ్రీల కిందికి వెళ్తేనే కణాల పొరలు బిగుసుకుని పని మందగిస్తుంది. చావవు, కానీ పెరగవు. చల్లని మట్టిలో వేర్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేవు, అందుకే ముందుగా నాటిన టమాటా ఆకుల అడుగు ఊదారంగుకు తిరుగుతుంది. అది చూసి ఎరువు వేస్తారు. కావలసింది ఎరువు కాదు, నాలుగు డిగ్రీల వేడి.

మంచు పడని చోట ఉన్నవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ వసంతం మొదట్లో భయపడాల్సినది ఏమీ ఉండదు, భయమంతా చివర్లో వచ్చే ఎండ గురించే. బఠాణీ, లెట్యూస్, పూలలో స్నాప్‌డ్రాగన్, స్వీట్ పీ, ఇవన్నీ ఎండలు ముదిరేలోపు పని పూర్తి చేసుకోవాలి. కాబట్టి చల్లని చోట ఆఖరి మంచు నుంచి వెనక్కి లెక్కపెడితే, వెచ్చని చోట తొలి మండుటెండ నుంచి వెనక్కి లెక్కపెట్టి, చలి కాలం మొదలయ్యే ముందే విత్తాలి.

పూత: ఒకరికి నష్టం, ఒకరికి పంట

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. కూరగాయల తోటలో క్యాబేజీ గడ్డ కట్టకుండా పూకాడ తీస్తే పంట పోయినట్టు. పక్క మడిలో లార్క్‌స్పర్ అదే పని చేస్తే కత్తెర తీసుకుని వెళ్తాం. రెండు మొక్కల్లోనూ జరిగేది చాలావరకు ఒకే రకం మార్పు. ఆకులు వేస్తూ వచ్చిన చివురు ఇక ఆకులు చాలించి పూలు మొదలుపెట్టింది. కూరగాయల్లో చాలావాటిని ఆ మలుపు దగ్గరకు రాకుండా ఆపాలి. పూలను మాత్రం ఆ మలుపుకు బలంగా, పొడుగు కాడతో చేర్చాలి. కూరగాయలూ పూలూ కలిపి పెంచేవాళ్లు దీన్ని అర్థం చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

క్యాబేజీ, ఉల్లి, క్యారెట్, బీట్‌రూట్ సహజంగా రెండేళ్ల మొక్కలు. మొదటి ఏడు తిండి దాచుకుంటాయి, మధ్యలో శీతాకాలం గడిచిందని తెలిశాక రెండో ఏడు పూస్తాయి. శీతాకాలం గడిచిందని వాటికి తెలిసేది చలి వల్లే. క్యాబేజీ నారు మరీ చిన్నగా ఉన్నప్పుడు చలిని లెక్కలోకి తీసుకోదు. కాండం పెన్సిల్ మందం అయ్యాక కొన్ని వారాలు 10 డిగ్రీల కింద గడిపితే మాత్రం శీతాకాలం అయిపోయిందనుకుని పూకాడ తీస్తుంది. అంటే పెద్ద నారు మంచి నారు అనుకుని, బాగా ముదిరిన మొక్కల్ని చలిలో నాటితే మనమే దానికి తప్పు సంకేతం ఇస్తున్నాం. నాలుగు నుంచి ఆరు వారాల నారు చాలు. ఉల్లి కూడా అంతే. నాటే చిన్న ఉల్లిగడ్డలు రెండు సెంటీమీటర్ల కంటే లావుగా ఉంటే పూకాడ తీసే ప్రమాదం పెరుగుతుంది, అందుకే చిన్నవే ఏరుకోవాలి.

కాలీఫ్లవర్ కథ ఇంకా విచిత్రం. మనం తినే తెల్లని గడ్డ పూత తొలిదశే. మొక్క పెద్దదై, ఆకులు బాగా వేశాక ఆ దశకు వస్తే పెద్ద గడ్డ. ట్రేలో ఎక్కువ రోజులు ఇరుక్కుని, వేర్లు చుట్టుకుని, పోషకం అందక, చలి తగిలి కుంగిన నారు తొందరపడి ఆ దశకు వచ్చేస్తుంది, అప్పుడు గోళీకాయంత గడ్డ కట్టి ఆగిపోతుంది. ట్రేలో ముదిరిన సెలోషియా కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. జానెడు కాడ మీద పువ్వు వేస్తుంది, వేజులో పెట్టడానికి పనికిరాదు.

చలి ఒక సంకేతమైతే పగటి నిడివి ఇంకొకటి. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు దీన్ని స్పష్టంగా చూపించారు. ‘మేరీల్యాండ్ మామత్’ అనే పొగాకు రకం వేసవిలో ఎంత ఎత్తు పెరిగినా పూయలేదు, శీతాకాలంలో గ్రీన్‌హౌస్‌లో చిన్న మొక్కగానే పూసింది. కారణం వేడి కాదు, పగటి నిడివి అని తేల్చారు. మొక్క నిజానికి కొలిచేది చీకటి ఎంతసేపు ఉందన్నది అని తర్వాతి పరిశోధనల్లో తెలిసింది.

దీని వల్ల విత్తే రోజుకు చాలా బరువు వస్తుంది. ఉల్లి గడ్డ కట్టడం పగటి నిడివి మీదే ఆధారపడుతుంది. కొన్ని రకాలు 10-12 గంటల పగలుకే గడ్డ కడతాయి, కొన్ని 14 గంటలు దాటితే గానీ మొదలుపెట్టవు. ఆ గంట కొట్టేటప్పటికి మొక్కకు ఎన్ని ఆకులుంటే గడ్డ అంత పెద్దది. ఆలస్యంగా విత్తిన ఉల్లికి గడువు పొడిగించరు, నాలుగు ఆకులతోనే గడ్డ కట్టేస్తుంది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న ప్రాంతపు రకాన్ని దగ్గర ప్రాంతంలో వేస్తే అసలు గడ్డే కట్టకపోవచ్చు. స్నాప్‌డ్రాగన్ రకాల్ని కూడా పెంపకందారులు ఇలాగే ఒకటి నుంచి నాలుగు వరకు గ్రూపులుగా విడదీశారు. తక్కువ పగలు, చల్లని కాలానికి మొదటి గ్రూపు, నిండు వేసవికి నాలుగోది. ప్యాకెట్ మీద రంగు చూసి కొనేవాళ్లు ఈ అంకెను కూడా చూస్తే మంచిది. కాస్మోస్, కొన్ని రకాల పొద్దుతిరుగుడు తక్కువ పగళ్లలో త్వరగా పూతకు వస్తాయి. వాటిని మరీ ముందుగా, పగలు ఇంకా చిన్నగా ఉన్నప్పుడు విత్తితే పొట్టి కాడ మీదే పూసేస్తాయి. స్పినాచ్ తీరు దీనికి వ్యతిరేకం, పగలు 14 గంటలకు దగ్గరయ్యేసరికి ఆకు మానేసి కాడ తీస్తుంది. అందుకే దాన్ని వీలైనంత ముందు విత్తాలి.

నారు పోయడం దేనికి

ఇంతా చూశాక నారు పోసి నాటడం ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. గింజకు కావలసిన వేడినీ, బయట ఉన్న చలినీ విడదీయడానికి. మిరపకు మొలకెత్తడానికి 28 డిగ్రీలు లోపల ఇస్తాం, రెండు నెలలు పెంచుతాం, బయట నేల వెచ్చబడ్డాక నాటుతాం. మిరపకు ఎనిమిది నుంచి పది వారాలు, టమాటాకి ఆరు నుంచి ఎనిమిది, లెట్యూస్‌కి నాలుగైదు, దోసకు మూడు నాలుగు వారాలు చాలు. ఉల్లికీ, లిసియాంథస్ పూల మొక్కకీ పది పన్నెండు వారాలు పట్టొచ్చు. లిసియాంథస్ గింజ దుమ్ములా ఉంటుంది, మొలిచాక చాలాకాలం కదిలినట్టే కనిపించదు. ఆ దశలో ఎక్కువ వేడి తగిలితే నేలకు అతుక్కున్న ఆకుల గుత్తిగా ఉండిపోయి కాడ తీయదు. ఓపిక ఉన్నవాళ్ల పువ్వు అది.

నారు దశలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఒక్కటే, మొలిచాక కూడా మొలకకు ఇచ్చిన వేడినే కొనసాగించడం. గింజకు వేడి కావాలి, మొలిచిన పిల్లకు వెలుతురు కావాలి. కిటికీ పక్కన మసక వెలుతురులో 25 డిగ్రీల వెచ్చదనం ఉంటే మొలక వెలుతురు కోసం సాగిపోయి, దారంలా సన్నబడి వాలిపోతుంది. మొదటి మొలక కనిపించిన రోజే వేడిని 16-18 డిగ్రీలకు తగ్గించి, రోజుకు 14 నుంచి 16 గంటలు దగ్గరగా లైటు వేస్తే కాండం పొట్టిగా, లావుగా వస్తుంది. పైన తడి ఎక్కువగా ఉంచితే నారుకుళ్లు తెగులు పట్టుకుంటుంది. నేలకు ఆనే చోట కాండం నల్లబడి, రాత్రికి రాత్రి ట్రేలో సగం పడిపోతుంది. పడిపోయినవాటికి వైద్యం లేదు. శుభ్రమైన ట్రే, కింది నుంచి నీరు, కొంచెం గాలి ఆడేలా చూడడమే దీనికి జాగ్రత్త. స్నాప్‌డ్రాగన్ గింజలు గ్రాముకు 6,000 దాకా ఉంటాయి, మొలవడానికి వెలుతురు కావాలి, కాబట్టి మట్టి కప్పకుండా పైన చల్లి ఊరుకోవాలి.

అన్నిటికీ నారు పనికిరాదు. క్యారెట్, ముల్లంగి వేరే మనకు పంట, దాన్ని కదిపితే చీలికలవుతుంది. లార్క్‌స్పర్ వేరు కూడా కదపడాన్ని ఇష్టపడదు. బఠాణీ, బీన్స్, జిన్నియా నేరుగా విత్తినా అంత త్వరగా మొలుస్తాయి కాబట్టి నారు శ్రమ దండగ. స్వీట్ పీని నారుగా పెంచాలంటే లోతైన గొట్టం లాంటి కుండీ కావాలి.

లోపల పెరిగిన నారుకు గాలి తెలియదు, ఎండ తెలియదు. దాని ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది. నేరుగా తోటలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో ఆకులు తెల్లగా కాలిపోతాయి. వారం పది రోజులు రాటుదేల్చాలి. మొదటి రోజు నీడలో గంట, తర్వాత కొంచెం ఎండ, రోజూ కాస్త ఎక్కువ, నీరు కాస్త తక్కువ. ఆ రోజుల్లో పొర మందమవుతుంది, కణాల్లో చక్కెరలు పెరిగి చలికి ఓర్పు వస్తుంది. క్యాబేజీ జాతి నారు ముదిరి ఉంటే మాత్రం రాటుదేల్చడం పేరుతో వారాల తరబడి చలిలో వదిలేయకండి, పైన చెప్పిన పూకాడ సంగతి గుర్తుంచుకోండి.

నాటేటప్పుడు నీరు పీల్చే సన్నని నూగువేర్లు చాలావరకు తెగిపోతాయి, అవి మళ్లీ పుట్టేదాకా మొక్క దాహంతోనే ఉంటుంది. అందుకే సాయంత్రం, లేదా మబ్బు పట్టిన రోజు నాటడం. టమాటాని మొదటి ఆకుల దాకా పాతిపెట్టొచ్చు, పాతిన కాండం నుంచి కొత్త వేర్లు వస్తాయి. లెట్యూస్‌ని అలా పాతితే నడి చివురు కుళ్లిపోతుంది.

విడతలుగా విత్తే లెక్క

ఒకేసారి పది కిలోల బఠాణీ, ఒకేసారి రెండు వందల పూలు ఎవరికీ అక్కర్లేదు. అందుకని రెండు వారాలకోసారి విత్తమంటారు. వసంతంలో ఈ సలహా పాటిస్తే రెండు విడతలూ దాదాపు ఒకేసారి కోతకు వస్తాయి, మనం తెల్లబోతాం. కారణం మొక్క రోజుల్ని కాదు, వేడిని కూడబెట్టుకుంటుంది. ఈ ఆలోచనను 1735లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త రియోమ్యూర్ ముందుకు తెచ్చాడు.

బఠాణీకి సుమారు 4 డిగ్రీల దగ్గర ఎదుగుదల మొదలవుతుందని, రోజు సగటు దానికి పైన ఎన్ని డిగ్రీలుంటే ఆ రోజు అన్ని పాళ్ల వేడి కూడుతుందని అనుకుందాం. వసంతం మొదట్లో రోజు సగటు 7 డిగ్రీలు ఉంటే రోజుకు మూడు పాళ్లు కూడుతుంది. 14 రోజులు ముందు విత్తిన మడికి వచ్చిన ఆధిక్యం 42 పాళ్లు. కోత నాటికి రోజు సగటు 18 డిగ్రీలకు చేరితే రోజుకు 14 పాళ్లు. అంటే మొదట్లో పద్నాలుగు రోజులుగా ఉన్న తేడా చివరికి మూడే రోజులు. కాబట్టి తారీఖు చూసి కాకుండా మడి చూసి విత్తాలి. మొదటి విడత బఠాణీ మొలిచి జానెడు ఎదిగాక రెండో విడత వేస్తే కోత మధ్య ఎడం నిలుస్తుంది. ఒక్క కాడ మీద ఒక్క పువ్వే పూసే పొద్దుతిరుగుడు వంటివి నేల వెచ్చబడ్డాక వేసేవి, అప్పటికి రోజువారీ వేడి పెద్దగా మారదు, వాటికి వారం పది రోజుల ఎడం చాలు.

ఎండలు ముదిరి బఠాణీ పూత రాలడం మొదలైతే ఇంకో విడత వేసినా ప్రయోజనం లేదు. ఆ తీగల్ని వేర్లతో పీకకుండా నేల మట్టానికి కోసేయండి, వేర్లలోని నత్రజని బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. అప్పటికి ఆ మడి 20 డిగ్రీలు దాటి ఉంటుంది. అదే సాయంత్రం జిన్నియా గింజలు వేసి నీళ్లు పోస్తే వారం లోపే మొలకలు కనిపిస్తాయి.